బోర్డుకి వీపు పెట్టించే మనిషి

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు మా విజయనగరం వైపు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం లోకం తీరు. అది నావల్ల కాదు. ఆ మనిషంటే నాకు ఇరవై ఏళ్ళుగా కడుపుమంట. అతను పోయి నెలన్నా కాలేదు, మంట మాత్రం అలాగే ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

ఛత్తీస్‌గఢ్ ఏర్పడి మా రాయపూర్ రాజధాని అయిన నెలలోనే పోయాడు. పది రోజుల జ్వరం, అంతే. రైల్వే కాలనీ తెలుగువాళ్ళమంతా సమాధుల తోటకి వెళ్ళాం. వెళ్ళి చూద్దును కదా, ఇసక వేస్తే రాలనంత జనం. ధర్సీవా నుంచి బస్సెక్కి వచ్చిన పల్లెటూరి ముసలమ్మలు, సిల్తారా ఇనుప ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు, పార్కులో పల్లీలమ్మే అతను. తెలుగు ముక్క రానివాళ్ళే ఎక్కువ. అందరూ ముక్కులు చీదుతున్నారు. ఇంతా చేసి అతని ఉద్యోగం ఏమిటయ్యా అంటే, పార్కు గేటు దగ్గర టికెట్లు చింపడం. నేను పోయినప్పుడు ఇందులో సగం మందైనా వస్తారా అని అక్కడే నిలబడి ఆలోచించాను. సిగ్గు లేదా అంటే, లేదు.

నా సంగతీ చెప్పాలి. రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. స్టేషన్లు, యార్డులు, వంతెనలు, క్వార్టర్లు, ఏదైనా సరే నేను గీసిన గీత మీదే మేస్త్రీ ఇటుక పెట్టాలి. ఏ ఊరెళ్ళినా చేతిలో మ్యాపుంటే చాలు, నేను ఎవరినీ దారి అడగను. అడగడమంటే నాకు నామోషీ.

డెబ్బైల చివర్లో చెరువు పక్కన ఆ పార్కు పెట్టారు. జింకల దొడ్డి, రోజాతోట, పడవలు, పిల్లలెక్కే చిన్న రైలు. గేటు లోపలికి రాగానే ఎదురుగా పార్కు మ్యాపు ఒకటి ఉండాలనుకుని, కమిటీవాళ్ళు నన్ను గీసిపెట్టమన్నారు. నాలుగు ఆదివారాలు టేపు పట్టుకుని పార్కంతా కొలిచాను. చిన్న రైలు పట్టాలు ఎరుపు, నడిచే దారులు పచ్చ, చెరువు నీలం. పేర్లన్నీ హిందీలో. కింద మూల మాత్రం రెండే రెండు తెలుగు అక్షరాలు, నా పొడి అక్షరాలు. ఆ పార్కు మొత్తంలో తెలుగంటూ ఉంటే ఆ రెండే. పాత పట్టాల ముక్కలు రెండు పాతి బోర్డుని వాటికి బిగించారు. ప్రతి ఆదివారం నేను పార్కుకి వెళ్ళేది, నిజం చెప్పాలంటే, దాన్ని చూసుకోడానికే.

అదే ఏడు అతన్నీ తెచ్చి గేటు దగ్గర కూర్చోబెట్టారు. బొబ్బిలి దగ్గరి మనిషి. అంతకు ముందు రైల్వేలోనే లీవర్‌మన్. స్టేషన్ చివర ఎత్తుమీద ఉండే కేబిన్లో లీవర్లు లాగితే కింద పట్టాలు మారతాయి కదా, ఆ పని. కంటి పరీక్షలో ఎరుపూ పచ్చా తేడా తెలియడం లేదని తేలింది. సిగ్నల్ రంగు తెలియనివాణ్ణి కేబిన్లో ఉంచరు. పెన్షనిచ్చి పంపేస్తే ఇక్కడ చేరాడు. క్రైస్తవుడే గానీ, ఆదివారం పార్కు కిటకిటలాడుతుందని చర్చికి వెళ్ళేవాడు కాదు. "ఆదివారం దేవుడి సుట్టూ శానామంది ఉంటారు బాబూ. బుధవారం రాత్రి ప్రార్థనకెళ్తే తీరుబడిగా ఇంటాడు," అనేవాడు. సోమవారం పార్కుకి సెలవు, అతనికీ అదే సెలవు. మిగతా ఆరు రోజులూ గేటు వదిలేవాడు కాదు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎండైనా వానైనా రైల్వేవాళ్ళిచ్చిన పాత నీలం కోటే. టికెట్టు చింపి సగం ముక్క చేతిలో పెట్టేటప్పుడు మనిషిని ఒక్కసారి తలనుంచి కాళ్ళదాకా చూసేవాడు. ముఖ్యంగా చెప్పులు చూసేవాడు. ఈ మనిషికి దారి ఎలా చెప్పాలో ఆ చూపులోనే తేల్చుకునేవాడనుకుంటాను.

నా మంట మొదలైంది అక్కడే. పార్కు ఒక్కటే, దారులూ అవే. నేను అందరికీ కలిపి ఒక్క బోర్డు గీశాను. అతను మనిషికో పార్కు చెప్పేవాడు.

మధ్యాహ్నం బస్సు దిగొచ్చిన పల్లెటూరి ముసలమ్మకైతే కుడి ఎడమల ఊసే లేదు. "ఏతీ దేఖ్, దాయీ," అని ఛత్తీస్‌గఢీలో పిలిచేవాడు. ఇటు చూడమ్మా అని. ముఖానికి చెరువు గాలి తగిలేదాకా నడువు, తగలగానే ఎండ వీపుకి పెట్టుకుని పో, జింకలొస్తాయి అనేవాడు. సిల్తారా కుర్రాళ్ళు గుంపుగా వస్తే, చిన్న రైలు పట్టాలు ఎడం చేతి పక్కనే ఉంచుకుని నడవండి, అవే తిప్పి మళ్ళీ నా దగ్గరికి తెస్తాయి అనేవాడు. చంటిపిల్లల తల్లులకి ముందు నీళ్ళ కుళాయి, తర్వాత లెట్రిన్, ఆ తర్వాతే జింకలు. మా రైల్వే ఇళ్ళవాళ్ళకైతే రైలు భాష. "మెయిన్ లైన్లో తిన్నగా పొండమ్మా. సింతసెట్టు కాడ లూప్ లైన్లోకి దిగారా, పంపు రూమే. ఇంకేటీ నేదక్కడ." ఆ మాటకి మా ఆడవాళ్ళు పగలబడి నవ్వేవారు. అందరికంటే గట్టిగా మా ఆవిడ.

నన్ను బాగా కాల్చింది ఆఫీసర్ల సంగతి. సఫారీ సూట్లవాళ్ళు దారి అడగరు, నాలాంటివాళ్ళే. వాళ్ళు ఎటు వెళ్ళాలో తెలియక దిక్కులు చూస్తుంటే, అతను పల్లీలతనితో మాట్లాడుతున్నట్టు గట్టిగా, "జింకలకి మేత వేసే వేళైంది కదూ, రోజాతోట పక్కనుంచి వెళ్తే చూడొచ్చు," అనేవాడు హిందీలో. వాళ్ళు విననట్టే విని, ముందునుంచీ తమకే తెలిసినట్టు అటు నడిచేవారు. అడగనివాడికి కూడా దారి చెప్పే మనిషితో ఎవడు పోటీపడగలడు?

ఒకసారి పోటీపడి చూశాను కూడా. ఓ వానాకాలం ఆదివారం, పార్కులో పురుగు లేదు. టికెట్టు గది చూరు కింద ఇద్దరమే నిలబడ్డాం. నా జేబులోంచి కాగితం, పెన్సిలు తీసి అతని చేతిలో పెట్టాను. "అందరికీ ఇన్ని కబుర్లు చెప్తావు కదా, ఏదీ, నువ్వో మ్యాపు గీయి చూద్దాం," అన్నాను.

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరికి బాబూ?" అన్నాడు.

"ఎవరికేమిటి? మ్యాపు గీయమంటున్నాను."

"ఎవరొస్తారో తెలిస్తే కదా గీయడం," అని కాగితం మడతపెట్టి నాకే ఇచ్చేశాడు. చేతకాకపోతే చేతకాదని ఒప్పుకోవచ్చు కదా అని వారం రోజులు నాలో నేను గొణుక్కున్నాను.

ఇంకో అలవాటుండేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరైనా నా బోర్డు ముందు నిలబడ్డారా, స్టూలు మీంచి లేచొచ్చేవాడు. ఓ నిమిషం చూడనిచ్చేవాడు. "జింకలు దొరికాయా? ఏ చేతి పక్క?" అని అడిగేవాడు. కుడి అనేవారు వాళ్ళు. అప్పుడు రెండు భుజాలూ పట్టుకుని మెల్లిగా వెనక్కి తిప్పేసేవాడు. వీపు నా బోర్డుకి, ముఖం గేటుకి. "ఇప్పుడు కుడి చెయ్యెత్తు. అది చూపించిన దారే," అనేవాడు. కొత్త పెళ్ళికూతురైనా, పోలీసైనా, భుజాలు పట్టుకున్నందుకు ఒక్కరూ ఏమీ అనేవారు కాదు. నవ్వుకుంటూ తిరిగేవారు.

పదిమంది ముందు నా బోర్డుకి వీపు పెట్టించడం! ఉండబట్టలేక అడిగేశాను. "ఏమయ్యా, బోర్డు పెట్టింది చూడ్డానికి కదా? దానికి వీపు పెట్టిస్తావేం?"

"సూడనిచ్చే తిప్పుతున్నాను కదా బాబూ."

"అసలెందుకు తిప్పడం?"

టికెట్ల కట్ట సర్దుకుంటూ, "కేబిన్లో మా లీవర్ల పైన గోడకి యార్డు పట్టాల బొమ్మ ఉండేది బాబూ," అన్నాడు. "నిలబడ్డోడి కుడే ఆ బొమ్మకీ కుడి. నాకదే అలవాటైపోయింది."

ఎరుపూ పచ్చా తేడా తెలియనివాడు నాకు కుడి ఎడమలు నేర్పుతాడా అనుకుని వచ్చేశాను.

మా ఆవిడ అతన్ని అన్నయ్య అనేది. వారం వారం మా ఇంటినుంచి దప్పళమో చేగోడీలో గేటుకి వెళ్ళేవి. నాకు వడ్డించడానికి ముందే అతని గిన్నె తీసి పక్కనపెట్టేది. మా అమ్మాయికప్పుడు ఆరేళ్ళు. అదీ అంతే, గేటు దాటగానే నా చెయ్యి వదిలేసి "మామా, ఆజ్ కిధర్?" అని అతని దగ్గరికి పరుగు. ఇవాళ ఎటు వెళ్దామని అతన్ని అడగడమేమిటి, మ్యాపు గీసిన తండ్రి పక్కనే ఉండగా!

ఓ ఆదివారం తెగించాను. గేటు దగ్గరే మా ఆవిడతో, "ఇవాళ ఎవరినీ అడక్కు. అమ్మాయిని తీసుకుని నేను ముందు వెళ్తాను. నువ్వు నా బోర్డు చూసుకుని జింకల దగ్గరికి రా," అన్నాను. అతనివైపు తిరిగి, "నువ్వూ ఏమీ చెప్పొద్దు," అన్నాను.

అతను ఏదో అనబోయి ఆగాడు. "అలగే బాబూ," అన్నాడు.

వెళ్ళి జింకల దగ్గర నిలబడ్డాను. పావుగంటైంది, అరగంటైంది, ఆవిడ జాడ లేదు. అమ్మాయి ఏడుపు లంకించుకుంది. ముప్పావుగంటకి అతను ఆవిడని వెంటబెట్టుకుని వచ్చాడు. చీర కుచ్చెళ్ళ నిండా బురద, తెగిన చెప్పు చేతిలో ఉంది. పార్కుకి ఆ చివర, పంపు రూము వెనక ఎరువు గోతుల దగ్గర తిరుగుతోందట.

చుట్టూ మా కాలనీవాళ్ళే. "ఇంత చదువుకున్నావు, బోర్డు చూసి కుడికి రావడం కూడా చేతకాలేదా?" అని పెద్దగా నవ్వాను. వాళ్ళూ నవ్వారు.

"కుడికే వెళ్ళానండీ," అంది ఆవిడ.

"నీకు కుడేదో తెలిస్తే కదా!"

ఆవిడకి బదులు అతనే అన్నాడు. "సెల్లెమ్మ తప్పేటీ నేదు బాబూ. తప్పు నాది. నేను తిప్పలేదు."

చూశారా పొగరు! తను తిప్పితే తప్ప ఈ పార్కులో ఎవరికీ దారి దొరకదన్నమాట. అతన్ని ఏమీ అనలేక ఆ కసంతా మా ఆవిడ మీద తీర్చుకున్నాను. ఆరోజు నుంచి ఆవిడకి నేను పెట్టిన పేరు దారి తెలియని మనిషి. బజారుకి వెళ్తానంటే, దారి తెలుసా అనేవాణ్ణి. విజయనగరంలో వాళ్ళ అక్కని చూడ్డానికి ఒక్కర్తే వెళ్తానంది ఒకసారి. ఇక్కడ రైలెక్కితే అక్కడ దిగడమే, దారిలో బండి మారే పని కూడా లేదు. "పార్కులోనే తప్పిపోయావు, నిన్నొక్కదాన్నీ పంపి నేనెక్కడ వెతుక్కోను?" అని, లీవు పెట్టి నేనే తీసుకెళ్ళాను. తర్వాత ప్రతిసారీ అంతే. ఇరవై ఏళ్ళలో ఆవిడ ఒంటరిగా కాలనీ దాటిన రోజులు వేళ్ళమీద చెప్పొచ్చు.

ఇక మొన్నటి సంగతి. అతన్ని మట్టి చేసిన తర్వాతి ఆదివారం పార్కుకి వెళ్ళాను. మనసులో ఏముందో దాచడమెందుకు? నా బోర్డుకి ఇక అడ్డులేదు. ఇన్నాళ్ళకి జనం దాన్ని చూసి, అది చెప్పినట్టు నడుస్తారు. ఆ ముచ్చట చూద్దామని వెళ్ళాను. గేటు దగ్గర కొత్త మనిషి తలెత్తకుండా టికెట్లు చింపుతున్నాడు. బోర్డుకి కాస్త దూరంలో బెంచీ మీద కూర్చున్నాను.

ముందో కుటుంబం వచ్చింది. బోర్డు చూశారు, కుడికి వెళ్ళారు. అటు పంపు రూము కదా, వీళ్ళకి అక్కడేం పని అనుకున్నాను. తర్వాత ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. వాళ్ళూ కుడికే. తర్వాత ముసలి దంపతులు. మళ్ళీ కుడికే. ఇరవై నిమిషాలకి మొదటి కుటుంబం బురద కాళ్ళతో తిరిగొచ్చింది. ఆ ఇంటాయన నా పక్కన కూలబడి, "ఏ గాడిద గీశాడండీ ఈ బోర్డు?" అన్నాడు హిందీలో.

"ఏమో, తెలీదండీ," అన్నాను.

వాళ్ళు వెళ్ళాక లేచి బోర్డు ముందు నిలబడ్డాను. రంగులు వెలిశాయా, నా అక్షరాలు చెదిరాయా అని కాకుండా, దారి కోసం దాన్ని చూడటం అదే మొదటిసారి. బోర్డు మీద జింకలు కుడి పక్క. తలెత్తి పార్కులోకి చూశాను. నా కుడి పక్క పంపు రూము ఉంది. జింకలు ఎడం పక్కన ఉన్నాయి.

డ్రాయింగ్ ఆఫీసు అలవాటు. ఏ ప్లాను గీసినా ఉత్తరం పైకి పెడతాం. గేటేమో పార్కుకి ఉత్తరాన ఉంది. అందుకని బోర్డులో గేటు పైన, పార్కంతా దానికింద గీశాను. కానీ గేట్లోంచి వచ్చినవాడు దక్షిణం ముఖంగా నిలబడి దాన్ని చూస్తాడు. వాడి కుడి పడమర, నా బోర్డు కుడి తూర్పు. నాలుగు వారాలు టేపు పట్టుకుని పార్కంతా కొలిచాను గానీ, చూసే మనిషి ఎటు నిలబడతాడో ఆలోచించలేదు. నిలబడ్డవాడి కుడే బొమ్మకీ కుడి అని అతను చెప్పనే చెప్పాడు. అప్పుడు నాకు వినపడలేదు.

బోర్డుకి వీపు పెట్టి గేటువైపు తిరిగాను. కుడి చెయ్యెత్తాను. అది తిన్నగా జింకలవైపు చూపించింది. నా బోర్డు నిజం చెప్పేది అలా నిలబడ్డప్పుడే. వచ్చిన ప్రతి మనిషినీ ఇరవై ఏళ్ళు అతను అలా నిలబెడుతూ వచ్చాడు.

పోనీ అప్పుడైనా కుళ్ళు తగ్గిందా అంటారేమో. రెట్టింపైంది. బోర్డు తప్పని నా మొహాన అనేసి ఉంటే నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు తిట్టుకోడానికి కూడా లేకుండా చేసి పోయాడు.

అంతలో ఒకాయన వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. ఇదేం బ్రహ్మవిద్యా అనుకుని వెనకనుంచి వెళ్ళి రెండు భుజాలూ పట్టుకున్నాను. ఆయన ఉలిక్కిపడి, జేబు తడుముకుని, "హాథ్ హటావ్!" అని అరిచాడు. కొత్త టికెట్టు మనిషి కూడా తలెత్తి చూశాడు. చేతులు తీసేసి ఇంటికొచ్చేశాను.

మా ఆవిడ వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తోంది. గుమ్మంలో నిలబడే చెప్పాను, బోర్డు తిరగబడిందని.

"తెలుసు," అంది.

"ఎప్పటినుంచి?"

"ఆ రోజునుంచే. పంపు రూము దగ్గర్నుంచి తీసుకొస్తూ చెప్పాడు అన్నయ్య. 'సెల్లెమ్మా, బోర్డు తిరగబడింది. బాబుకి సెప్పకు. వారం వారం దాన్ని సూసుకోడానికే వస్తాడు పాపం. నేనున్నాను కదా, తిప్పుతాను' అన్నాడు."

పక్కింటివాళ్ళ కూర ఏమిటో సాయంత్రందాకా కడుపులో దాచుకోలేని మనిషి మా ఆవిడ. ఇరవై ఏళ్ళు ఈ మాట దాచింది. దాచమన్నది అతను, దాచింది నా పెళ్ళాం.

"మరి దారి తెలియని మనిషి అని నేను అంటుంటే పడ్డావెందుకు?"

"మొదట్లో ఏడ్చానండీ. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెప్తే ఏమవుతుంది? మీరు వారం రోజులు అన్నం మానేస్తారు, బోర్డు మాత్రం మార్చరు. అయినా మీరు లీవు పెట్టి మా పుట్టింటికి రావడం ఎప్పట్నుంచి? నాకు దారి తెలియదని తేలాకే కదా! అంతకు ముందు పిలిస్తే ఒక్కసారైనా వచ్చారా?"

నవ్వుతూనే అంది. ఆవిడ ఇంకో బీరకాయ తీసుకుంది. చెక్కు తీస్తూ, "మా అక్క పోయేముందు ఒక్కసారి ఒక్కదాన్నే వెళ్ళి నాల్రోజులుండాలని ఉండేది," అంది. "మీరు పక్కనుంటే అది నాతో మనసువిప్పి ఏదీ చెప్పేది కాదు." ఆ మాట నవ్వుతూ అనలేదు.

బోర్డు తిరగగీసి ఇస్తానని కమిటీకి ఉత్తరం రాశాను. జవాబింకా రాలేదు. నిన్న ఆదివారం ఇద్దరం పార్కుకి వెళ్ళాం. బోర్డు ముందు ఓ పల్లెటూరి ముసలమ్మ నిలబడి ఉంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా ఆగిపోయాను. మా ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఏతీ దేఖ్, దాయీ," అంది. రెండు భుజాలూ పట్టుకుని మెల్లిగా తిప్పింది. అచ్చం అతని వాటం, ఎప్పుడు నేర్చుకుందో ఏమో. ముసలమ్మ బోసినోటితో నవ్వుతూ తిరిగి, కుడి చెయ్యెత్తి, జింకలవైపు వెళ్ళిపోయింది. నాకు మళ్ళీ కడుపు మండింది, ఈసారి ఇద్దరి మీదా.

ఆవిడ అక్కడే నిలబడి నాకేసి చూస్తోంది. ఆ పార్కు నేను అంగుళం అంగుళం కొలిచింది. కళ్ళకి గంతలు కట్టినా వెళ్ళగలను. అయినా కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

"జింకల దగ్గరికి ఎటు వెళ్ళాలి?" అని అడిగాను.

వెంటనే చెప్పలేదు. ముందు నా చెప్పులకేసి చూసింది.